కాపలా తప్పిందా, కొలువు మారిందా?

గర్భాశయం లోపలి పొరను పోలిన కణజాలం గర్భాశయం దాటి, అండాశయాల మీదో, పొత్తికడుపు లోపలి పొర మీదో, పేగుల చుట్టో పాతుకుని పెరిగితే దాన్ని ఎండోమెట్రియోసిస్ అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం పిల్లలు పుట్టే వయసులో ఉన్న ప్రతి పదిమంది ఆడవాళ్లలో ఒకరికి, అంటే సుమారు 19 కోట్ల మందికి ఈ జబ్బు ఉంది. చోటు కాని చోట చేరిన కణాలను ఏరిపారేయాల్సిన రోగనిరోధక వ్యవస్థ ఇక్కడ ఎందుకు ఊరుకుంది? జబ్బు పుట్టుకలో దాని పాత్ర ఎంత? ఈ ప్రశ్న దగ్గర వైద్యలోకం రెండు పక్షాలుగా చీలింది. ఆ రెండు పక్షాలనూ ఒక వదిన, ఒక మరదలి నోట పలికిస్తున్నాను. వదిన చాలాకాలంగా ఆపరేషన్లు చేస్తున్న స్త్రీల వైద్యురాలు. మరదలు రోగనిరోధక శాస్త్రంలో పరిశోధకురాలు. మనుషులు కల్పితం, వాళ్లు సాక్ష్యంగా తెచ్చే పరిశోధనలు నిజం.

వదిన: ముందే నా అభ్యంతరం చెప్పేస్తాను. ఈమధ్య నా దగ్గరికి వచ్చే అమ్మాయిలు రెండు రకాల మాటలు మోసుకొస్తున్నారు. ఇమ్యూనిటీ తగ్గింది, ఈ పొడి వాడితే పెరుగుతుందని ఒకరు చెప్పి ఉంటారు. నీది ఆటోఇమ్యూన్ జబ్బు, నీ ఇమ్యూనిటీయే నీ మీద తిరగబడిందని ఇంకొకరు చెప్పి ఉంటారు. ఒకటి తక్కువంటుంది, ఒకటి ఎక్కువంటుంది. పాపం ఆ అమ్మాయి రెండూ నమ్ముతుంది. ఈ జబ్బును నడిపేది ఈస్ట్రోజెన్. నెలసరి మొదలయ్యాక వస్తుంది, ముట్లుడిగాక చాలామందిలో సద్దుమణుగుతుంది. హార్మోన్‌ను అదుపు చేస్తే నొప్పి తగ్గుతుంది. నా చేతికి పనికొచ్చే సంగతి ఇదీ. మధ్యలో ఈ రోగనిరోధక కథ ఎందుకు?

మరదలు: ఎందుకంటే మీరు చెప్పిన కథలో ఒక పెద్ద ఖాళీ ఉంది వదినా. నెలసరి రక్తం కొంత ఫెలోపియన్ నాళాల గుండా వెనక్కి పొత్తికడుపులోకి చేరుతుందనీ, ఆ రక్తంతోపాటు వెళ్లిన కణాలే అక్కడ అంటుకుని మొలుస్తాయనీ 1927లో జాన్ శాంప్సన్ చెప్పాడు. మీరు చదువుకున్నదీ, ఇప్పటికీ చాలామంది నమ్ముతున్నదీ ఆ సిద్ధాంతమే కదా? అయితే 1984లో హాల్మే బృందం ఏం చూసింది? నెలసరి రోజుల్లో లాపరోస్కోపీ చేస్తే, అంటే పొట్టలోకి కెమెరా పంపి చూస్తే, నాళాలు తెరుచుకుని ఉన్న ఆడవాళ్లలో నూటికి 90 మందికి పొత్తికడుపు ద్రవంలో రక్తం కనబడింది. రక్తం వెనక్కి పోవడం దాదాపు అందరిలోనూ జరుగుతోంది. జబ్బు మాత్రం పదిమందిలో ఒకరికే వస్తోంది. మిగతా తొమ్మిది మందిలో ఆ కణాలను ఎవరు ఊడ్చేస్తున్నారు? ఈస్ట్రోజెన్ ఆ పని చేయదు. చేసేది నిరోధక కణాలైన మాక్రోఫేజ్‌లు, నేచురల్ కిల్లర్ కణాలు. కాబట్టి ఆ పదో మనిషిలో వాటికేమైందో చూడకుండా జబ్బు అర్థం కాదు.

వదిన: ఖాళీ ఉందంటే ఒప్పుకుంటాను. దాన్ని నువ్వు నింపిన తీరు ఒప్పుకోను. అందరిలోనూ రక్తం వెనక్కి పోతుంది, నిజమే. కానీ ఎంత పోతుంది? ఎన్నాళ్లు పోతుంది? పన్నెండేళ్లు నిండకముందే రజస్వల అయినవాళ్లకూ, నెలసరి మధ్య వ్యవధి తక్కువగా ఉన్నవాళ్లకూ, రక్తస్రావం ఎక్కువగా అయ్యేవాళ్లకూ ఈ జబ్బు వచ్చే అవకాశం ఎక్కువ. పైగా వెనక్కి వెళ్లిన కణాలన్నీ ఒకటే అని ఎలా అనుకుంటాం? 2017లో ఆంగ్లేసియో బృందం లోతుగా పాతుకున్న ఎండోమెట్రియోసిస్ గడ్డలను పరిశీలించి, క్యాన్సర్ లేనివాళ్లలో కూడా కేరాస్ వంటి క్యాన్సర్ జన్యువుల్లో మార్పులు కొన్నిటిలో చూపించింది. కణానికే మొండితనం వస్తే ఏ నిరోధక శక్తి దాన్ని ఊడ్చగలదు? జన్యువుల సంగతి చూసినా, ఈ జబ్బుతో గట్టిగా ముడిపడ్డ పేర్లు డబ్ల్యూఎన్‌టీ4, జీఆర్‌ఈబీ1, ఈఎస్‌ఆర్1, ఎఫ్‌ఎస్‌హెచ్‌బీ. అన్నీ హార్మోన్ల దారిలోవే.

మరదలు: ఆ జన్యువుల జాబితాలో రెండో సగం కూడా చదవాలి. 2023లో 60 వేలకు పైగా రోగులను, ఏడు లక్షల మంది ఇతరులను పోల్చి చేసిన అధ్యయనంలో 42 జన్యుస్థానాలు బయటపడ్డాయి. అదే అధ్యయనం ఈ జబ్బుకు మైగ్రేన్‌తో, నడుంనొప్పితో, ఒంట్లో పలుచోట్ల ఉండే దీర్ఘకాలిక నొప్పులతో, ఉబ్బసంతో, కీళ్ల అరుగుదలతో జన్యు సంబంధం ఉందని చెప్పింది. వాపు, నొప్పి అనే రెండు దారులూ అందులో ఉన్నాయి. హార్మోన్ అవసరం లేదని నేననడం లేదు. హార్మోన్ ఒక్కటే చాలదంటున్నాను. ప్రతి ఆడమనిషిలోనూ ఈస్ట్రోజెన్ ఉంది, ప్రతి ఆడమనిషికీ ఈ జబ్బు లేదు.

వదిన: సరే, నిరోధక వ్యవస్థ లోపం వల్లనే వచ్చిందనడానికి నీ సాక్షి ఎవరు?

మరదలు: మొదటి సాక్షి కోతి. 1981లో డిమోవ్‌స్కీ బృందం, సహజంగా ఈ జబ్బు వచ్చిన రీసస్ కోతుల్లో సొంత గర్భాశయ పొర కణాల పట్ల నిరోధక కణాల స్పందన మందగించిందని చూపించింది. పదేళ్ల తర్వాత, 1991లో, బెల్జియంలోని లూవెన్‌లో ఊస్టర్‌లింక్ బృందం రోగుల రక్తం తీసి పరీక్షించింది. నేచురల్ కిల్లర్ కణాలు గర్భాశయ పొర కణాలను చంపే సామర్థ్యం ఈ రోగుల్లో తగ్గి ఉంది. జబ్బు ముదిరిన కొద్దీ ఆ తగ్గుదల కూడా ఎక్కువైంది. ఆ తర్వాత చాలా పరిశోధనశాలలు ఇదే చూశాయి, ముఖ్యంగా పొత్తికడుపు ద్రవంలో.

వదిన: ఆ రోగుల్ని ఎప్పుడు పరీక్షించారు? జబ్బు ముదిరి, లాపరోస్కోపీ బల్ల మీదికి వచ్చాక. మొదటి నొప్పి నుంచి జబ్బు పేరు తెలిసేదాకా చాలా దేశాల్లో ఏళ్లు గడుస్తున్నాయి. అన్నేళ్లు పొత్తికడుపులో గడ్డలు ఉండి, నెలనెలా అక్కడ రక్తం ఊరి, వాపు వచ్చి, మచ్చ కట్టాక కిల్లర్ కణాలు నీరసించాయంటే ఆశ్చర్యమేముంది? జబ్బే వాటిని నీరసింపజేసి ఉండొచ్చు. గడ్డలోని కణాలు ఐక్యామ్-1 అనే ప్రొటీన్‌ను ముక్కలుగా విదిల్చి, కిల్లర్ కణాలు తమను పట్టుకోకుండా అడ్డుకుంటాయని మీవాళ్లే రాశారు. ముదిరిన కొద్దీ తగ్గిందని నువ్వు చెప్పిన సంగతి నా వాదానికే బలం. ఫలితాన్ని పట్టుకుని కారణం అంటున్నావు.

మరదలు: ఈ దెబ్బ తగలాల్సిందే. కిల్లర్ కణాల విషయంలో ఏది ముందు, ఏది వెనుక అనేది మనుషుల్లో తేలలేదు. ఆ సాక్షిని పక్కన పెడతాను. ఇంకా బలమైన సాక్షి ఉంది, మాక్రోఫేజ్. మామూలుగా అది చచ్చిన కణాలను, చెత్తను మింగేసే కణం. శాంప్సన్ సిద్ధాంతాన్ని చదివి అందరూ అనుకునేది ఏమిటి? ఈ జబ్బులో కాపలావాడు నిద్రపోయాడని. కానీ పొత్తికడుపు ద్రవంలో చూస్తే ఈ రోగుల్లో మాక్రోఫేజ్‌లు తక్కువ కాదు, ఎక్కువ. అవి విడుదల చేసే వాపు రసాయనాలూ ఎక్కువే. కాపలావాడు మెలకువగానే ఉన్నాడు, కొలువు మార్చుకున్నాడు. దొంగను తరమడం మాని, దొంగకు ఇల్లు కట్టి పెడుతున్నాడు.

వదిన: పోలిక బాగుంది. పోలిక రుజువు కాదు కదా.

మరదలు: రుజువుకే వస్తున్నా. 2009లో ఇటలీ నుంచి బాచీ బృందం ఒక ప్రయోగం ప్రచురించింది. ఎలుకల్లో ఈ జబ్బును కల్పించి, వాటి మాక్రోఫేజ్‌లను తొలగించారు. గర్భాశయ కణజాలం అంటుకుంది గానీ సరిగా కుదురుకోలేదు, దానికి రక్తనాళాలు సరిగా ఏర్పడలేదు, పెరుగుదల కుంటుపడింది. గాయాన్ని మాన్పే రకానికి మారిన మాక్రోఫేజ్‌లను చేరిస్తే గడ్డలు ఇంకా బాగా పెరిగాయి. ఇక్కడ ఏది ముందు అన్న సందేహం లేదు వదినా. ముందు మాక్రోఫేజ్‌ను మార్చారు, ఆ తర్వాత గడ్డ మారింది. ఎందుకలా చేస్తుందో ఆలోచిస్తే అర్థమవుతుంది. నెలసరి అంటేనే ఒక గాయం, ఒక మానుదల. ప్రతి నెలా గర్భాశయం లోపల పొర ఊడిపోయి మచ్చ లేకుండా మళ్లీ మొలవడానికి నిరోధక కణాలు సాయపడతాయి. అదే కణజాలం పొత్తికడుపులో పడితే, అదే గాయం సంకేతం ఇస్తే, అవి తమకు తెలిసిన పనే చేస్తాయి. రక్తనాళాలను పిలుస్తాయి, కణాలను పెంచుతాయి. ఇక్కడ మచ్చ కూడా కట్టిస్తాయి. లోపం బలహీనతలో లేదు. మంచి పని చెడ్డ చోట జరుగుతోంది.

వదిన: అలాగైతే మాక్రోఫేజ్‌లను చంపేస్తే జబ్బు పోవాలి.

మరదలు: పోదు, అదే నేను నేర్చుకున్న పెద్ద పాఠం. ఎడిన్‌బరాలో మొదలై 2021లో వెలువడిన హాగ్, గ్రీవ్స్ బృందం పని ఏం చెప్పిందంటే, గడ్డలో చేరే మాక్రోఫేజ్‌లన్నీ ఒక తల్లి బిడ్డలు కావు. గర్భాశయ పొరతోపాటు వచ్చినవి గడ్డ పెరగడానికి సాయపడ్డాయి. వాటిని తొలగిస్తే గడ్డలు చిన్నవయ్యాయి. రక్తంలోని మోనోసైట్ల నుంచి పుట్టి పొత్తికడుపులో కొత్తగా కుదురుకున్నవి మాత్రం కాపాడేవిగా కనబడ్డాయి. మోనోసైట్ల రాకను అడ్డుకుంటే గడ్డల సంఖ్య పెరిగింది. ఒకే పేరున్న కణాల్లో కొన్ని జబ్బు వైపు, కొన్ని మన వైపు. అందుకే ఇమ్యూనిటీ పెంచే పొడి అన్నమాట వింటే మీకంటే నాకే ఎక్కువ కోపం వస్తుంది. దేన్ని పెంచుతారు? జబ్బుకు ఇల్లు కట్టేవాటినా?

వదిన: ఈ మాట నువ్వు పదిమందిలో గట్టిగా చెప్పాలి. కానీ నేను అంత తేలిగ్గా వదలను. ఇదంతా ఎలుకల్లో. ప్రయోగశాలల్లో వాడే మామూలు ఎలుకకు నెలసరే రాదు. ఇంకో ఎలుక గర్భాశయ పొరను తీసుకొచ్చి దాని పొత్తికడుపులో పోసి జబ్బు అంటారు. మనిషికి దగ్గరి జంతువు సంగతి మాట్లాడదాం. బబూన్‌లకు నెలసరి వస్తుంది. టీఎన్‌ఎఫ్ అనే వాపు రసాయనాన్ని అడ్డుకునే మందులిస్తే బబూన్‌లలో గడ్డలు తగ్గాయి. ఇంకేం, మందు దొరికిందని మీవాళ్లు సంబరపడ్డారు. 2008లో కోనిక్స్ బృందం లోతైన ఎండోమెట్రియోసిస్ ఉన్న 21 మంది మీద అలాంటి మందే అయిన ఇన్‌ఫ్లిక్సిమాబ్‌ను ఉత్తుత్తి మందుతో పోల్చి చూసింది. నొప్పిలో తేడా లేదు. గడ్డల్లోనూ తేడా లేదు. రుమటాయిడ్ కీళ్లవాతంలో ఎంతమందినో లేపి నడిపించిన మందు ఇక్కడ చేతులెత్తేసింది. నీ సిద్ధాంతం మనిషి ఒంట్లో పెట్టిన పరీక్షలో తప్పింది.

మరదలు: ఆ పరీక్షను నేను దాటవేయను. నా పక్షానికి అది నిజమైన ఎదురుదెబ్బ. అయితే అది ఏం అడిగిందో చూడండి. ఏళ్ల తరబడి మచ్చ కట్టి గట్టిపడిన లోతైన గడ్డను, ఒక్క రసాయనాన్ని ఆపి కరిగించగలమా అని అడిగింది. కరిగించలేమని తేలింది. కీళ్లవాతంలో టీఎన్‌ఎఫ్ మూలస్తంభం. ఇక్కడ అది చాలా స్తంభాల్లో ఒకటి. గట్టిపడిన మచ్చ మీద వాపు మందు పనిచేయకపోతే, ఆ మచ్చను ఎవరు కట్టారన్న ప్రశ్నకు జవాబు రానట్టే. ఇప్పుడు దారి మారింది. జపాన్‌లో ఐఎల్-8 అనే రసాయనాన్ని పట్టుకునే యాంటీబాడీని తయారుచేసి, ఈ జబ్బును కల్పించిన కోతులకు ఇస్తే గడ్డలు కుంచించుకుపోయాయనీ, మచ్చ, అతుకులు తగ్గాయనీ 2023లో ప్రచురించారు. మచ్చనే గురిపెట్టిన మందు అది.

వదిన: కోతుల్లో తగ్గింది. బబూన్‌లలోనూ తగ్గింది. ఆడవాళ్లలో తగ్గినప్పుడు మాట్లాడదాం.

మరదలు: న్యాయమే. అదే సంవత్సరం జపాన్‌లోని నగోయా నుంచి ఇంకో వార్త వచ్చింది. రోగుల్లో 64 శాతం మంది గర్భాశయ పొరలో ఫ్యూసోబాక్టీరియం అనే సూక్ష్మజీవి కనబడింది. జబ్బు లేనివాళ్లలో అది పది శాతం కంటే తక్కువ మందిలోనే ఉంది. ఆ సూక్ష్మజీవి వచ్చాక మాక్రోఫేజ్‌లు మారి, అక్కడి కణాలను జబ్బుకు అనువుగా మారుస్తాయని వాళ్ల వివరణ. ఎలుకలకు యాంటీబయాటిక్ ఇస్తే గడ్డలు తగ్గాయి.

వదిన: ఆ వార్త పేపర్లో చదివి యాంటీబయాటిక్ రాయమని అడిగేవాళ్లు వస్తారు. ఒక ఊళ్లో కొద్దిమందిలో చూసిన సంగతి అది. వేరే దేశాల్లో, వేరే ఆడవాళ్లలో నిలబడాలి, ఆ తర్వాత మనుషుల్లో చికిత్సగా పరీక్షకు నిలవాలి. అప్పటిదాకా ఈ జబ్బుకు యాంటీబయాటిక్ రాయడం తప్పు.

మరదలు: తప్పే. నేను దాన్ని చికిత్సగా చెప్పలేదు, దారి చూపే గుర్తుగా చెప్పాను.

వదిన: సరే, నా వైపు నుంచి ఒక ప్రశ్న. డైనోజెస్ట్ అనే హార్మోన్ మందు రాస్తాను, చాలామందికి నొప్పి తగ్గుతుంది. కుటుంబ నియంత్రణ మాత్రలు ఆపకుండా ఇస్తాను, తగ్గుతుంది. నిరోధక వ్యవస్థే అసలు నాయకుడైతే హార్మోన్ మందుకు జబ్బు ఎందుకు లొంగుతుంది?

మరదలు: లొంగుతుంది, పోదు. మందు ఆపితే చాలామందికి తిరిగొస్తుంది. కొందరికి అసలు పనిచేయదు, ఎందుకంటే గడ్డలోని కణాలు ప్రొజెస్టెరాన్ మాట వినడం మానేస్తాయి. ఇంకో సంగతి, మీ హార్మోన్, నా నిరోధక వ్యవస్థ వేరువేరు ఊళ్లలో లేవు. గడ్డ తన ఈస్ట్రోజెన్‌ను తానే తయారుచేసుకుంటుందని 1990లలో బులున్ బృందం చూపించింది కదా? అందుకు కావాల్సిన ఎంజైమ్ అరోమటేజ్‌ను రెచ్చగొట్టేది ప్రోస్టాగ్లాండిన్ ఈ2. అంటే వాపు పుట్టించే రసాయనం. ఆ ఈస్ట్రోజెన్ తిరిగి ప్రోస్టాగ్లాండిన్‌ను పెంచుతుంది. వాపు హార్మోన్‌ను పుట్టిస్తుంది, హార్మోన్ వాపును పుట్టిస్తుంది. 2015లో హ్యూస్టన్ నుంచి వచ్చిన పరిశోధన ఇంకో ముడి విప్పింది. గడ్డలో మితిమీరి ఉండే ఈస్ట్రోజెన్ గ్రాహకం బీటా, నిరోధక వ్యవస్థ పంపే చావు సంకేతాన్ని కణానికి అందకుండా అడ్డుకుంటోంది. మీ మందు హార్మోన్ వైపు నుంచి ఆ చక్రాన్ని ఆపుతోంది. రెండో వైపు నుంచి ఆపే మందు మనకింకా లేదు. బిడ్డ కావాలనుకునే అమ్మాయికి మీ మందు ఇవ్వగలరా?

వదిన: ఇవ్వలేను. అండం విడుదలను ఆపే మందు వేసుకుంటూ గర్భం ఎలా వస్తుంది? నొప్పి తగ్గాలో, బిడ్డ కావాలో తేల్చుకో అని చెప్పాల్సి వస్తుంది. నా వృత్తిలో నాకు నచ్చని వాక్యం అది.

మరదలు: నేను ప్రయోగశాలలో కూర్చున్నది ఆ వాక్యం చెరిపేయడానికే వదినా. అండాశయాన్ని ముట్టుకోకుండా గడ్డను అణిచే మందు రావాలంటే నిరోధక వ్యవస్థ దారి చాలా ముఖ్యమైనది.

వదిన: ఇక ఆటోఇమ్యూన్ సంగతి తేల్చు. ఆ మాట ఎక్కడ పుట్టింది?

మరదలు: 1987లో గ్లైషర్ బృందం ఇది ఆటోఇమ్యూన్ జబ్బేనా అని ప్రశ్న లేవనెత్తింది. రోగుల రక్తంలో సొంత కణజాలం మీద యాంటీబాడీలు కనబడటం దానికి ఆధారం. 2002లో అమెరికాలో 3,680 మంది రోగులను ప్రశ్నించిన సర్వేలో థైరాయిడ్ మందగించడం, ఆటోఇమ్యూన్ జబ్బులు, అలర్జీలు మామూలు జనంలో కంటే ఎక్కువగా కనబడ్డాయి.

వదిన: ఆ సర్వే ఎవరిమీద? రోగుల సంఘంలో చేరినవాళ్లమీద. జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్లు, డాక్టర్ల చుట్టూ తిరిగి తిరిగి అన్ని పరీక్షలూ చేయించుకున్నవాళ్లు. వెతికినవాళ్లకు దొరుకుతుంది.

మరదలు: అందుకే తర్వాత వచ్చిన పెద్ద లెక్కలు చూడాలి. 2025లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు బ్రిటన్ బయోబ్యాంక్‌లోని సమాచారంతో, ఈ జబ్బు ఉన్నవాళ్లకు రుమటాయిడ్ కీళ్లవాతం, మల్టిపుల్ స్క్లెరోసిస్, సీలియాక్, సోరియాసిస్ వంటివి వచ్చే అవకాశం 30 నుంచి 80 శాతం దాకా ఎక్కువని చెప్పారు. కీళ్లవాతంతో జన్యు సంబంధం కూడా కనబడింది.

వదిన: 80 శాతం అనగానే నూటికి ఎనభై మందికి వస్తుందని జనం హడలిపోతారు.

మరదలు: విడమరిచి చెప్పాల్సిన బాధ్యత మనది. వెయ్యి మందిలో పదిమందికి వచ్చే జబ్బు అనుకుంటే, 80 శాతం పెరిగితే పద్దెనిమిది మందికి వస్తుంది. మిగతా 982 మందికి రాదు. ఇక మాట సంగతి. ఆటోఇమ్యూన్ అనాలంటే సొంత కణజాలాన్ని నిరోధక వ్యవస్థ దాడి చేసి నాశనం చేస్తూ ఉండాలి, ఆ దాడిని అణిస్తే జబ్బు తగ్గాలి. ఎండోమెట్రియోసిస్‌లో జరుగుతున్నది దానికి దాదాపు తలకిందులు. చంపాల్సిన కణాన్ని చంపడం లేదు. కాబట్టి ఇది ఆటోఇమ్యూన్ జబ్బు కాదు. కొన్ని ఆటోఇమ్యూన్ జబ్బులతో చుట్టరికం ఉన్న జబ్బు. నిరోధక శక్తిని అణిచే స్టెరాయిడ్లు దీనికి చికిత్స కావు.

వదిన: ఇక్కడ మనిద్దరిదీ ఒకే మాట. ఆ చుట్టరికం వల్ల నా గదిలో మారాల్సింది ఒక్కటే. ఈ జబ్బున్న అమ్మాయి పొద్దున్నే వేళ్లు బిగుసుకుపోతున్నాయనో, విరేచనాలు ఆగడం లేదనో చెబితే, అన్నీ దీనివల్లే అని కొట్టిపారేయకుండా ఆ దారిన కూడా పరీక్ష చేయించాలి. అయితే నీ వాదంలో నన్ను నిజంగా ఆలోచనలో పడేసేది ఇవేవీ కాదు, నొప్పి. కెమెరా పెట్టి చూస్తే చిటికెడు మచ్చలుంటాయి, ఆ పిల్ల నొప్పితో మెలికలు తిరిగిపోతుంటుంది. ఇంకొకామెకు రెండు అండాశయాల్లోనూ చాక్లెట్ సిస్టులు, అంటే పాత రక్తం నిండిన తిత్తులు ఉంటాయి, పిల్లలు పుట్టడం లేదని వస్తే తప్ప ఆమెకే తెలియదు. 2007లో వెర్చెల్లీనీ బృందం వెయ్యిమందికి పైగా రోగులను చూసి, జబ్బు ఏ దశలో ఉందన్నదానికీ నొప్పి తీవ్రతకూ పొంతన చాలా తక్కువని తేల్చింది. ఈస్ట్రోజెన్ ఒక్కదానితో దీన్ని నేను వివరించలేను.

మరదలు: ఇక్కడే మాక్రోఫేజ్ మళ్లీ కనబడుతుంది. గడ్డల్లోకి సన్నని నరాలు మొలుచుకొస్తాయి. ఆ నరాల చుట్టూ మాక్రోఫేజ్‌లు మూగుతాయి. 2019లో ఎడిన్‌బరా బృందం, ఈ మాక్రోఫేజ్‌లు ఐజీఎఫ్-1 అనే పదార్థాన్ని విడుదల చేసి నరాలను పెంచుతాయనీ, వాటిని అతిసున్నితం చేస్తాయనీ చూపించింది. ఎలుకల్లో ఆ దారిని మూసేస్తే నొప్పి లక్షణాలు వెనక్కి తగ్గాయి. గడ్డ ఎంత పెద్దదన్నదానికంటే, దాని చుట్టూ నరానికీ నిరోధక కణానికీ మధ్య ఏం నడుస్తోందన్నది ముఖ్యం. స్కానింగ్ రిపోర్ట్‌లో ఏమీ లేదు కదా, నొప్పి ఎక్కడిది అని ఆ పిల్లను కసురుకునేవాళ్లకు ఇది సమాధానం.

వదిన: ఈ ఒక్క విషయంలో నీ శాస్త్రం నా రోగికి గౌరవం తెచ్చింది. ఒప్పుకుంటున్నాను.

మరదలు: ఇంకో విషయంలో కూడా తేవాలి. మన రెండు రాష్ట్రాల సంగతి మీకు తెలుసు. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తంమీద నూటికి సుమారు ముగ్గురైతే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది, తెలంగాణలో దాదాపు ఎనిమిది మంది. అవన్నీ ఈ జబ్బుకు చేసినవి కావు. కానీ పొత్తికడుపులో నొప్పి అనగానే, పిల్లలు పుట్టేశారు కదా, సంచి తీసేయించుకో అనే మాట మన ఊళ్లలో ఎంత తేలిగ్గా వస్తుందో చూడండి. జబ్బు సంచిలోనే ఉందనుకునేవాళ్లు సంచి తీస్తారు. పొత్తికడుపు పొరలో, నరాల్లో, నిరోధక కణాల్లో పాతుకున్న జబ్బు సంచితోపాటు ఎలా పోతుంది?

వదిన: ఆపరేషన్‌ను పూర్తిగా కొట్టిపారేయకు. మిగతా దారులన్నీ మూసుకుపోయి, పిల్లలు వద్దనుకుని, బయటి గడ్డలను కూడా శుభ్రంగా తొలగిస్తే మేలు జరిగేవాళ్లున్నారు. గడ్డల్ని వదిలేసి సంచి ఒక్కటి తీసి పంపడం మాత్రం చికిత్స కాదు. నొప్పి తిరిగొచ్చి, ముప్పై అయిదేళ్లకే సంచి పోగొట్టుకుని నా ముందు కూర్చున్నవాళ్లను చూశాను. అయితే దీన్ని ఆపడానికి నిరోధక శాస్త్రం అక్కర్లేదు. గడ్డ ఎక్కడుందో చూసే ఓపిక చాలు.

మరదలు: ఓపిక అందరికీ ఉండదు, కారణం తెలిస్తే కొందరికైనా వస్తుంది. సరే వదినా, ఇంత మాట్లాడాం. రేపు పద్దెనిమిదేళ్ల అమ్మాయి నెలసరి నొప్పితో ప్రతి నెలా కాలేజీ మానేస్తోందని తల్లి తీసుకొస్తే ఏం చెబుతారు?

వదిన: ముందు తల్లికి చెబుతాను. పెళ్లయితే తగ్గుతుంది, బిడ్డ పుడితే పోతుంది అనకండి. పని మాన్పించే నొప్పి మామూలు నొప్పి కాదు. గర్భం ఈ జబ్బుకు మందు కాదు. తర్వాత అమ్మాయి చెప్పేది పూర్తిగా వింటాను. స్కానింగ్ చేయిస్తాను. స్కానింగ్‌లో ఏమీ కనబడకపోయినా జబ్బు లేదని అనను. ఐరోపా నిపుణుల సంఘం 2022 మార్గదర్శకాలు కూడా అందరికీ లాపరోస్కోపీ చేసి తీరాలనడం లేదు. లక్షణాలను బట్టి నొప్పి మందు, హార్మోన్ మందు మొదలుపెట్టవచ్చు. తగ్గకపోతే అప్పుడు లాపరోస్కోపీ ఆలోచిస్తాం. ఇమ్యూనిటీ పొడులు ఆపించేస్తాను. ఇందులో నువ్వు మార్చేది ఏమైనా ఉందా?

మరదలు: ఒక్క ముక్క చేరుస్తాను. నీ ఒళ్లు నీకు ద్రోహం చేయడం లేదు, నీ నిరోధక శక్తి తక్కువా కాదు, పిచ్చెక్కిందీ కాదు, గాయం మాన్పే పనిని చోటు కాని చోట చేస్తోంది అని ఆ అమ్మాయికి చెప్పండి. తన తప్పు లేదని తెలియడం కూడా ఆ పిల్లకు అవసరం.

వదిన: చెబుతాను. కానీ మన గొడవ తీరలేదు. మొదలు ఎక్కడన్నదానిలో నేను కదల్లేదు. మొండి కణం, దానికి ఈస్ట్రోజెన్ తోడు, ఆ తర్వాతే నీ మాక్రోఫేజ్. నువ్వు చూపినవి జబ్బును పెంచేవి, నొప్పిని పుట్టించేవి. జబ్బును మొదలుపెట్టేవని నువ్వు చూపలేదు. ఏం చూస్తే నువ్వు ఓటమి ఒప్పుకుంటావు?

మరదలు: రజస్వల అయిన నాటి నుంచి కొన్ని వేలమంది ఆడపిల్లలను ఏళ్ల తరబడి గమనించి, నెలసరి రక్తంలోని నిరోధక కణాలను ఎప్పటికప్పుడు పరీక్షించి, తర్వాత జబ్బు వచ్చినవాళ్లలో మొదట్లో ఏ తేడా లేదనీ, జబ్బు వచ్చాకే తేడా మొదలైందనీ తేలితే ఒప్పుకుంటాను. మరి మీరు?

వదిన: అండం విడుదలను ఆపకుండా, నిరోధక కణాన్ని మాత్రమే గురిపెట్టిన మందు ఒకటి, ఉత్తుత్తి మందుతో పోల్చిన పెద్ద పరీక్షలో ఆడవాళ్ల నొప్పినీ గడ్డలనూ తగ్గించాలి. ఎలుకలు, కోతులు చాలవు. అది జరిగిన రోజు నా పక్షం వదిలేస్తాను. నువ్వు ఓడితే ఈ జబ్బు ఎక్కడ మొదలవుతుందో తెలుస్తుంది. నేను ఓడితే, నొప్పి తగ్గాలో బిడ్డ కావాలో తేల్చుకో అని ఇకమీదట ఏ ఆడపిల్లకూ చెప్పనక్కర్లేదు. ఈ వాదంలో ఓడిపోవాలనే కోరుకుంటున్నాను, త్వరగా.